క్రాసు కమ్మీ

నాలుగు కమ్మీలు నాలుగు మూలలా అతికించి
గేటయిపోయిందనుకున్నాను.
దాలినాయుడు మేస్త్రి కాలి బొటనవేలితో తోశాడు.
తాగొచ్చినోడిలా ఒక పక్కకి ఒరిగింది.
"నాలుగు భుజాలున్నోడు ఎటు తోస్తే అటే పోతాడ్రా,
క్రాసెయ్యి" అన్నాడు.
మూల నుంచి మూలకి ఒక్క కమ్మీ.
ఈసారి ఎగిరి తన్నాడు.
గేటు కదల్లేదు. ఆయన చెప్పు తెగింది.

గాజువాక ఆటోనగర్లో
నేను చదువుకున్న మొదటి పాఠం అదే.

రెండోది మర్నాడు.
ఆరడుగుల కమ్మీ నేల మీద పెట్టి
ఒక కొసన రెండడుగుల ముక్క, ఇంకో కొసన మూడడుగుల ముక్క
కలపమన్నాడు.
ఎంత వంచినా అవి ఒకదాన్నొకటి ముట్టుకోలేదు.
మధ్యాహ్నం దాకా నన్నలా అవస్థ పడనిచ్చి
టీ గ్లాసు కడుక్కుంటూ చెప్పాడు:
"ఇద్దరి పొడుగూ కలిపినా మూడోవోడికి సాలకపోతే
కొంప కట్టలేవు. కొత్త ముక్క తెచ్చుకో."

ఆయన అయిదో తరగతి తప్పాడు.
సమద్విబాహు త్రిభుజాన్ని మడత నిచ్చెన అనేవాడు.
రెండు కాళ్లూ ఒకే పొడుగైతే
నేల దగ్గర రెండు వంపులూ ఒకటేనని
కొలవకుండానే సుద్దతో గుర్తు పెట్టేవాడు.
మూడు, నాలుగు, అయిదు అని టేపు లాగి
గోడ మూల నిక్కచ్చిగా తేల్చేవాడు.
మూడు పక్కలూ సమానమైనది అరుదుగా చేసేవాడు,
"ముచ్చటగా ఉంటది గానీ చోటు తినేస్తది" అని.
ఏ రెండిటికీ పొంతన లేనిది విషమబాహువని
తర్వాత రాత్రిబడిలో సునంద టీచరు చెప్పింది.
మేస్త్రి దానికి పెట్టిన పేరు నా పేరే.

టీచరు పకోడీ పొట్లం కాగితాన్ని
ముక్కోణంగా కత్తిరించి
మూడు మూలలూ చింపి, కొసలు కలిపి బల్ల మీద పేర్చింది.
గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి.
ఇంకో కాగితం, ఇంకా వంకరది,
ఒక మూల కాళ్లు బారజాపుకుని పడుకున్నది.
అధిక కోణమట. అదీ అంతే.
"నూట ఎనభై. ఒకడు ఎక్కువ తింటే
మిగతా ఇద్దరూ సర్దుకోవాల్సిందే" అంది.
నూనె మరకల మీద ఆ గీతని చాలాసేపు చూశాను.
భుజమంటే పక్క, శీర్షమంటే మూల, భూమంటే అడుగు గీత.
మరి ఇన్నాళ్లూ కమ్మీలు మోసి కాయ కాసిందేమిటి?

తుఫాను రాత్రి
యారాడ కొండ మీద లైటు కూడా కనబడలేదు.
తెల్లారి చూస్తే మా వరసలో
పదకొండు షెడ్లు రేకులతో సహా పడుకున్నాయి.
మాది నిలబడింది,
ట్రస్సు నిండా ముక్కోణాలతో, ఒక్క రేకూ లేకుండా,
తిని వదిలేసిన చందువా ముల్లులా.
మేస్త్రి దాని కింద నిలబడి ఆకాశం చూసి
"రేకులదేముంది, కొనుక్కుంటాం" అన్నాడు.

రెండేళ్లకి ఆయన కుడి భుజం పైకి లేవడం మానేసింది.
తర్వాత ఊపిరి.

కణితి రోడ్డులో వాళ్లింటి ముందు వెదుర్లు కడుతున్నారు.
పొడుగ్గా రెండు, అడ్డంగా పొట్టివి, పురికొస.
ఎవరూ చూడకుండా
కాలి బొటనవేలితో తోశాను.
ఒరిగింది.
పందిట్లోంచి ఒక గెడ లాగి
మూల నుంచి మూలకి వేసి బిగించాను.
"పాడెకి క్రాసేటిరా, సూసినోళ్లు నవ్వుతారు"
అన్నాడు ఆయన బావమరిది సన్నెయ్య.
"ఊగుద్ది" అన్నాను.

ముందు నేనూ సన్నెయ్యా, వెనక ఇద్దరు కుర్రాళ్లు.
నాలుగు పొడుగులు, నాలుగు నడకలు.
లారీలు ఆగాయి.
గతుకుల దగ్గర ఒక్కో భుజం ఒక్కో వైపు లాగింది.
పాడె మాత్రం
గేటులా ఉంది.

దింపాక సన్నెయ్య ఆ క్రాసు గెడ మీద చెయ్యేసి
ఒకసారి
నొక్కి చూశాడు.